ఫుడ్ ప్రాసెసర్‌లో రొట్టె పిండి కలిపాను, పొంగి పొంగి ఓవెన్‌లో కూలిపోయింది

నాగావళి గట్టు (శ్రీకాకుళం) · ఏప్రిల్ 20, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్ల కిందట చికున్‌గున్యా వచ్చింది. జ్వరం పోయింది గానీ మణికట్టు నొప్పులు పోలేదు. ఇప్పటికీ చపాతీ పిండి మా ఆయనే కలుపుతారు. మొన్న మా మావయ్యగారికి టైఫాయిడ్ తగ్గాక రాత్రిళ్లు రొట్టె పాలు తప్ప ఇంకేదీ సయించట్లేదు. బజారు రొట్టె మరీ తియ్యగా ఉందని సగం ముక్క తిని పక్కన పెట్టేస్తున్నారు. ఆయన కోసం ఇంట్లోనే చేద్దామని, మిక్సీతో పాటు వచ్చిన ఫుడ్ ప్రాసెసర్ గిన్నెని అటక మీంచి దింపాను.

మైదా 400 గ్రాములు, గోరువెచ్చని నీళ్లు 260, ఇన్‌స్టంట్ ఈస్ట్ రెండు చెంచాలు, ఉప్పు చెంచా పైన కొంచెం, పంచదార రెండు చెంచాలు, వెన్న ఒక పెద్ద చెంచా. చేత్తో పది నిమిషాలు పిసకాలని వీడియోలో చెప్పారు కదా, మెషీన్‌లో రెండు నిమిషాలైనా తిరగాలి అనుకుని ఆగకుండా తిప్పాను. మూత తీసి చెయ్యి పెడితే పిండి జ్వరం వచ్చిన ఒంటిలా కాలుతోంది. మెరుస్తూ, వేళ్లకి బంకలా సాగుతోంది.

పాతిక నిమిషాల్లోనే రెండింతలైంది. చాలా సంతోషపడ్డాను. టిన్నులో పెడితే ఇంకో ఇరవై నిమిషాల్లో అంచు దాటి పక్కకి ఒరిగింది. ఓవెన్‌లో పెట్టిన పది నిమిషాలకి నడుం విరిగినట్టు మధ్యలో కుంగిపోయింది. కోస్తే పొడిపొడిగా రాలింది, కల్లు వాసన. మావయ్యగారికి పెట్టలేకపోయాను. ఎక్కడ తప్పాను?

గంటస్తంభం (విజయనగరం) · ఏప్రిల్ 20, రాత్రి 10:05

మూడు సంగతులు చెప్పండి. గిన్నెలో వేసింది ఇనుప బ్లేడా, ప్లాస్టిక్ బ్లేడా? వంటింట్లో వేడి ఎంత ఉంటుంది? మైదా డబ్బా ఎక్కడ పెడతారు?

నాగావళి గట్టు · ఏప్రిల్ 20, రాత్రి 10:20

పిండి కలపడానికని ఇచ్చిన ప్లాస్టిక్ బ్లేడే. వంటింట్లో మధ్యాహ్నం 33 డిగ్రీలుంది, పాపకి జ్వరం చూసే థర్మామీటరు కాదు, గోడ గడియారంలో ఉన్నదాన్లో చూశాను. మైదా డబ్బా స్టవ్ పక్కనే అలమరలో ఉంటుంది.

పాత బేకరీ (విజయనగరం) · ఏప్రిల్ 21, ఉదయం 5:15

అమ్మా, మీ రొట్టె ఓవెన్‌లో చెడలేదు. గిన్నెలో తిరిగినప్పుడే చెడింది.

నేను ఇరవై రెండేళ్లు బేకరీలో పిండి దగ్గర పనిచేశాను. మార్చి వచ్చిందంటే మాకు పొద్దున్నే ఐసు దిమ్మ దిగేది. గోనెసంచిలో చుట్టి, కొట్టి, ఆ ముక్కలు తూకం వేసి నీళ్లలో కలిపేవాళ్లం. ఐసు రాకపోతే మేస్త్రీ మిక్సర్ స్విచ్ వెయ్యనిచ్చేవాడు కాదు. పిండి తిరిగేకొద్దీ రాపిడికి వేడెక్కుతుంది. పెద్ద మిక్సర్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి నెమ్మదిగా వేడెక్కుతుంది. మీ గిన్నెలో బ్లేడు సుడిగాలిలా తిరుగుతుంది, ఒక్క నిమిషానికే తేడా తెలుస్తుంది.

మాకు మేస్త్రీ నేర్పిన లెక్క చెప్తాను, రాసిపెట్టుకోండి. కలిపాక పిండి 26 డిగ్రీలు ఉండాలి. 26ని మూడుతో గుణిస్తే 78. అందులోంచి మైదా వేడి తియ్యండి, గది వేడి తియ్యండి, మెషీన్ రాపిడి తియ్యండి. మిగిలినదే మీ నీళ్లు ఉండాల్సిన వేడి. ఫుడ్ ప్రాసెసర్‌కి రాపిడి కింద 12 వేసుకోండి. మీ ఇంట్లో మైదా 32, గది 33, రాపిడి 12, మొత్తం 77. 78లోంచి 77 పోతే ఒకటి. అంటే మీ నీళ్లు 1 డిగ్రీ ఉండాలి. ఐసు నీళ్లు! మీరు పోసింది గోరువెచ్చనివి.

వీడియోల వాళ్లు అబద్ధం చెప్పరు. వాళ్ల వంటిల్లు 18 డిగ్రీలు, మైదా 18. అదే లెక్క వెయ్యండి, 30 వస్తుంది. వాళ్లకి గోరువెచ్చని నీళ్లే సరి. ఆ మాట మన ఊరికి తెచ్చుకుంటే పిండి ఉడుకెత్తుతుంది.

ఈస్ట్ కూడా ఎక్కువైంది. ఈ ఎండల్లో 400 గ్రాములకి తలకొట్టిన చెంచా ఒకటి, అంటే 3 గ్రాములు చాలు.

బొబ్బిలి వీణ · ఏప్రిల్ 21, ఉదయం 8:30

నాది వేరే బాధ. అర కిలో వేస్తే మిక్సీ మధ్యలో ఆగిపోయి కాలిన వాసన వచ్చింది. మళ్లీ ఆన్ అవ్వలేదు. కాలిపోయిందేమో అని భయపడి మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్తే, అడుగున ఎర్ర మీట నొక్కి ఇచ్చాడు. లోడు ఎక్కువైతే అది తనంతట తానే ఆగుతుందట. ప్లగ్ తీసేసి, ఓ పావుగంట చల్లారనిచ్చి, తిరగేసి ఆ మీట నొక్కితే చాలు.

అప్పట్నుంచి 250 గ్రాములు మించి వెయ్యను. రెండు వాయిలుగా తిప్పి, చివర్లో చేత్తో కలిపేస్తాను. మీ గిన్నెతో వచ్చిన పుస్తకంలో పిండి ఎంత రాశారో చూడండి, దాని కంటే యాభై గ్రాములు తక్కువే వెయ్యండి. చపాతీ పిండి గట్టిగా ఉంటుంది, రొట్టె పిండి జిగురుగా ఉంటుంది. జిగురు మోటార్‌ని ఇంకా ఎక్కువ లాగుతుంది.

సాలూరు ఘాటి · ఏప్రిల్ 21, ఉదయం 9:10

ఇంత కష్టం ఎందుకండీ, చేత్తో కలిపిన రొట్టెకి సాటి రాదు. చేతికే తెలుస్తుంది పిండి మెత్తదనం. మెషీన్‌కి ఏం తెలుస్తుంది?

నాగావళి గట్టు · ఏప్రిల్ 21, ఉదయం 9:45

చెయ్యి బాగుంటే నేనూ చేత్తోనే కలిపేదాన్ని అండీ. పొద్దున్న లేచేసరికి సీసా మూత తిప్పలేను. ఈ గిన్నె లేకపోతే నాకు రొట్టె లేదు.

చీపురుపల్లి జంక్షన్ · ఏప్రిల్ 21, మధ్యాహ్నం 1:20

సాలూరు అన్నయ్యా, మెషీన్‌ని అంత తీసిపారెయ్యకండి. నేను చదివింది ఫుడ్ టెక్నాలజీ, ఇది నాకు బాగా ఇష్టమైన విషయం.

పిండి పిసకడం అంటే మైదాలోని మాంసకృత్తులు నీళ్లు పీల్చుకుని, ఒకదానికొకటి అల్లుకుని, వలలా తయారవడం. ఆ వలే గ్లూటెన్. ఈస్ట్ వదిలిన గాలిని అదే పట్టి ఉంచుతుంది. వల అల్లడానికి రెండు దారులు. ఒకటి కాలం, పిండిని గంటల తరబడి వదిలేస్తే తనంతట తానే అల్లుకుంటుంది. రెండోది బలం. ఇంగ్లండులో చోర్లీవుడ్ అనే ఊళ్లో 1961లో రొట్టెల పరిశోధన సంస్థ వాళ్లు ఈ రెండో దారి పట్టారు. చాలా వేగంగా తిరిగే మిక్సర్లో పిండిని మూడు నిమిషాల లోపు తిప్పేసి, గంటల తరబడి పులియబెట్టే పనిని తగ్గించేశారు. అక్కడి గోధుమలో మాంసకృత్తులు తక్కువ, అలాంటి పిండితో కూడా రొట్టె వచ్చేలా చేశారు. మన మైదాది కూడా ఇంచుమించు అదే పరిస్థితి, ప్యాకెట్ వెనక చూడండి, నూటికి 10, 11 గ్రాములకి మించి ఉండదు.

కాబట్టి ఫుడ్ ప్రాసెసర్ చేసేది కొత్త వింత కాదు. నిమిషం చాలు. నిమిషం దాటాక అల్లిన వలే తెగడం మొదలవుతుంది. ఆవిడ చూసిన మెరుపు, సాగుడు, బంక, అన్నీ ఆ తెగిన గుర్తులే. వేడి దానికి తోడైంది.

నాకు ఒక్క చోట చోర్లీవుడ్ నచ్చదు. వేగం మిగిల్చిన గంటల్లోనే రొట్టెకి రుచి వచ్చేది. అందుకని కలపడం నిమిషంలో చెయ్యండి, పొంగడం మాత్రం తొందరపెట్టకండి.

గంటస్తంభం · ఏప్రిల్ 21, సాయంత్రం 6:50

నేను వారానికి రెండుసార్లు చేస్తాను, నా పద్ధతి ఇది. ముందు మైదా, ఉప్పు, పంచదార, ఈస్ట్, వెన్న గిన్నెలో వేసి నాలుగుసార్లు ఆపి ఆపి తిప్పుతాను. తర్వాత మూత మీది గొట్టంలోంచి చల్లటి నీళ్లు సన్నటి ధారగా పోస్తాను, మొత్తం పోయడానికి ఇరవై సెకన్లు. పిండి ముద్దయి బ్లేడుతో పాటు తిరగడం మొదలవగానే ఆపేస్తాను. అలా పది, పదిహేను నిమిషాలు వదిలేస్తాను. ఈ విరామం మాత్రం మానకండి, మైదా నీళ్లు తాగుతుంది, గిన్నె చల్లారుతుంది, మోటారూ చల్లారుతుంది. తర్వాత ఇంకో ముప్ఫై, నలభై సెకన్లు తిప్పితే అయిపోయింది.

నిమ్మకాయంత ముద్ద తీసి వేళ్ల మధ్య మెల్లగా సాగదీసి కిటికీ వెలుగుకి పట్టండి. చిరగకుండా పల్చటి పొరలా సాగి, అవతలి వెలుగు కనిపిస్తే వల అల్లుకున్నట్టు.

పాత బేకరీ బాబాయ్ గారి లెక్క చూశాక నాకు ఇంకోటి తట్టింది. మైదాని ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో పెడితే? పొద్దుటికి 10 డిగ్రీలకి వస్తుంది. 78లోంచి 10, 33, 12 తీస్తే 23. కుండ నీళ్లే సరిపోతాయి! ఐసు వడగట్టే పని ఉండదు.

పాత బేకరీ · ఏప్రిల్ 22, ఉదయం 5:05

భేష్. మాకు ఫ్రిజ్ లేదు గనక ఐసు పట్టుకున్నాం. మీ పద్ధతే ఇంటికి నయం. ఐసు వాడేవాళ్లు ముక్కలు గిన్నెలో పడనివ్వకండి, ప్లాస్టిక్ బ్లేడు విరుగుతుంది. గ్లాసులో కరిగించి నీళ్లు మాత్రమే తూచి పొయ్యండి.

పిండి బ్లేడు కిందకి దూరుతుంది. ప్లగ్ పీకకుండా చెయ్యి పెట్టొద్దు. చేతికి నూనె రాసుకుని తియ్యండి.

పొందూరు నూలు · ఏప్రిల్ 22, ఉదయం 10:30

అమ్మీ నాగావళీ, మీ మావకి ఇప్పుడు ఎలాగుంది? మా సిన్నప్పుడు రొట్టంటే జొరమొచ్చినోల్లకే. ఎవులికయినా రొట్టె కొన్నారంటే ఈదంతా వచ్చి ఏటయింది ఏటయింది అని అడిగీవోరు.

నాను మెసీనులో సెయ్యను గానీ నాకు తెలిసిందొకటి సెప్తాను. నీల్లకి బదులు సల్లారిన గంజి పొయ్యు. సిక్కటిది కాదు, అన్నం వార్చిన పల్చటి గంజి. రొట్టె రెండో రోజు కూడా మెత్తగుంటాది, పంటికి ఇబ్బందుండదు. మా ఇంటికాడ ఆయనకి పల్లు లేవు, ఆయన తింతాడు.

చీపురుపల్లి జంక్షన్ · ఏప్రిల్ 22, మధ్యాహ్నం 12:15

పిన్నిగారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఉడికిన పిండిపదార్థం నీటిని పట్టుకుని వదలదు. చైనా, జపాన్ రొట్టెల మెత్తదనం వెనక ఉన్నది ఇదే, కొంచెం పిండిని నీళ్లలో జావలా కాచి చల్లార్చి కలుపుతారు. మనకి ఆ జావ రోజూ ఉత్తినే వస్తోంది. గంజిని కూడా ఫ్రిజ్‌లో పెట్టి చల్లగానే పొయ్యాలి, మిగతా లెక్క అంతా అదే. గంజి నీళ్ల కంటే చిక్కన కాబట్టి ఓ పది, పదిహేను గ్రాములు ఎక్కువ పడుతుంది.

బొబ్బిలి వీణ · ఏప్రిల్ 22, మధ్యాహ్నం 2:40

మరి తరవాణి, అదే కుండలో పులిసిన గంజి, పొయ్యొచ్చా? మా అత్తగారింట్లో ఇప్పటికీ కుండ ఉంది.

పాత బేకరీ · ఏప్రిల్ 22, రాత్రి 8:10

సగం తరవాణి, సగం నీళ్లు అయితే పర్లేదు, చిరుపులుపు బాగుంటుంది. అంతా అదే పోస్తే పులుపుకి పిండి బిగిసిపోయి, తర్వాత తెగుతుంది. ఈస్ట్ మాత్రం మానకండి. ఈస్ట్ ప్యాకెట్లు దొరకని రోజుల్లో గోవాలో రొట్టెలవాళ్లు కల్లుతో పిండి పొంగించేవారు, కల్లులో ఈస్ట్ బతికే ఉంటుంది. తరవాణిలో పులుపే ఎక్కువ, అంత పొంగు దాని వల్ల కాదు.

ఒక మాట. కొందరు రొట్టె ఎత్తుగా రావడానికి ఏదైనా పౌడరు చెప్పమని నన్ను అడుగుతుంటారు. పొటాషియం బ్రోమేట్ ఇదివరకు బేకరీల్లో అందుకే వేసేవారు. 2016లో మన దేశంలో దాన్ని నిషేధించారు. ఇంటి రొట్టెకి ఏ పౌడరూ వద్దు. పిండి చల్లగా ఉంటే అదే లేస్తుంది.

నాగావళి గట్టు · ఏప్రిల్ 24, రాత్రి 9:15

చేశాను. అందరికీ చెప్పకుండా నిద్రపట్టదు.

మైదా రాత్రే ఫ్రిజ్‌లో పెట్టాను. మైదా 350 గ్రాములు, పల్చటి గంజి 230, ఈస్ట్ తలకొట్టిన చెంచా, ఉప్పు 6 గ్రాములు, పంచదార ఒక చెంచా, వెన్న 20 గ్రాములు. నీళ్లు కుండవి కాకుండా చల్లటి గంజి కాబట్టి లెక్క కంటే చల్లగానే వెళ్లింది. ముద్ద అవగానే ఆపి, పదిహేను నిమిషాలు వదిలి, మళ్లీ నలభై సెకన్లు తిప్పాను. కొత్తగా కొన్న పుల్ల థర్మామీటరు గుచ్చితే 25. చేతికి చల్లగా, చంటిపిల్లాడి చెవి తమ్మెలా మెత్తగా ఉంది. ఆ పొర సాగదీసి కిటికీకి పట్టాను. అవతల పెరట్లో మునగచెట్టు నీడ కనిపించింది. మా ఆయన్ని పిలిచి చూపించాను.

గిన్నెని తడిగుడ్డ చుట్టి పళ్లెం నీళ్లలో పెట్టాను, పెరుగు పులవకుండా పెట్టినట్టు. రెండింతలవడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. టిన్నులో పెట్టాక వేలితో నొక్కి చూస్తూ కూచున్నాను. నొక్కు వెంటనే పైకి వచ్చేస్తే ఇంకా టైముంది, మెల్లగా వచ్చి సగం గుంట మిగిలితే ఓవెన్‌లో పెట్టాలి, అసలు రాకపోతే దాటిపోయినట్టు. యాభై నిమిషాలకి సగం గుంట మిగిలింది.

ముందే వేడి చేసిన ఓవెన్‌లో 190 దగ్గర పెట్టాను. పద్దెనిమిదో నిమిషంలో కరెంటు పోయింది! తలుపు తియ్యకుండా అలాగే కూచున్నాను. ఏడు నిమిషాలకి వచ్చింది. ఇంకో పద్దెనిమిది నిమిషాలు ఉంచి, బయటికి తీసి అడుగున తడితే డొల్ల చప్పుడు. మధ్యలో 94 డిగ్రీలు. పైన ఒక పక్క చీలింది, రంగు కొంచెం తక్కువ. కానీ కుంగలేదు.

మావయ్యగారు మూడు ముక్కలు పాలల్లో ముంచుకుని తిన్నారు.

పాత బేకరీ · ఏప్రిల్ 25, ఉదయం 5:20

ఆ చీలిక ఇంకో పది నిమిషాలు పొంగనిస్తే పోతుంది. లేదా పెట్టే ముందు బ్లేడుతో నిలువునా ఒక గీత గియ్యండి, చీలాల్సిన చోటే చీలుతుంది. రంగుకి పైన పాలు రాయండి.

చల్లారకముందే కొయ్యలేదు కదా?

నాగావళి గట్టు · ఏప్రిల్ 25, ఉదయం 6:40

అరగంటకే కోసేశాను బాబాయ్ గారూ. మావయ్యగారు ఆకలి అన్నారు.

పాత బేకరీ · ఏప్రిల్ 25, ఉదయం 6:55

ఆయన కోసం కాబట్టి సరే. ఈసారి గంట ముందు మొదలుపెట్టండి. లోపల ఇంకా తడి సర్దుకుంటూ ఉంటుంది, వేడిమీద కోస్తే ముద్ద అంటుకుంటుంది.

పలాస జీడి · ఏప్రిల్ 25, ఉదయం 11:00

ఓవెన్ లేనివాళ్ల కోసం రాస్తున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా దగ్గరే తీరం దాటింది. జీడి, కొబ్బరి అన్నీ పడిపోయాయి, మా ఊళ్లో చాలా రోజులు కరెంటు లేదు. అప్పుడు గ్యాస్ పొయ్యి మీద కుక్కర్లో రొట్టె చేశాం.

పాత అల్యూమినియం కుక్కర్‌కి గాస్కెట్, విజిల్ తీసెయ్యండి. అడుగున రెండు వేళ్ల మందం రాళ్లుప్పు గానీ ఆరిన ఇసుక గానీ పోసి, పైన చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి మధ్యస్థం మంట మీద పది నిమిషాలు వేడెక్కనివ్వండి. చిన్న గిన్నెలో పిండి పెట్టి దించి, మంట తగ్గించి నలభై నిమిషాలు. పైన తెల్లగానే ఉంటుంది, దించాక పెనం మీద బోర్లించి నాలుగు నిమిషాలు కాల్చండి. ఫుడ్ ప్రాసెసర్‌కి కరెంటు కావాలి కాబట్టి అప్పుడు చేత్తోనే కలిపాం. ఇప్పుడు కరెంటు ఉన్నప్పుడు కలిపేసి ఫ్రిజ్‌లో పెట్టుకుని, ఎప్పుడు వీలైతే అప్పుడు కాలుస్తున్నాను.

బొబ్బిలి వీణ · ఏప్రిల్ 25, సాయంత్రం 5:30

మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి గట్టిపడింది. బయట పెడితే మూడో రోజు బూజు. ఏం చెయ్యాలి?

చీపురుపల్లి జంక్షన్ · ఏప్రిల్ 25, రాత్రి 7:45

ఫ్రిజ్ చల్లదనానికే పిండిపదార్థం త్వరగా బిగుసుకుంటుంది. బయట కంటే ఫ్రిజ్‌లోనే రొట్టె తొందరగా పాతదవుతుంది. ఒకటిన్నర రోజులో తినేది డబ్బాలో బయట ఉంచండి. మిగతాది ముక్కలు కోసి గాలి చొరకుండా కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. తీసిన ముక్కని నేరుగా పెనం మీద వేసుకోండి. తెరిచిన ఈస్ట్ ప్యాకెట్ కూడా అక్కడే ఉండాలి.

పొందూరు నూలు · ఏప్రిల్ 26, ఉదయం 9:50

మీ మావ తిన్నాడంటే నా కడుపు నిండిపోయిందమ్మా. మరి సోడి పిండి, అదే రాగి పిండి, ఎయ్యవా? జొరం నుంచి లేసినోడికి సోడి కంటే బలమేటుంది?

నాగావళి గట్టు · ఏప్రిల్ 26, ఉదయం 10:15

అదే అడుగుదామనుకున్నాను పిన్నిగారూ. మావయ్యగారు చిన్నప్పుడు చోడంబలి తాగి పెరిగిన మనిషి. చోడి పిండి ఎంతవరకు వెయ్యొచ్చు? ఈ మెషీన్ దానికి పనికొస్తుందా?

చీపురుపల్లి జంక్షన్ · ఏప్రిల్ 26, ఉదయం 11:40

చోడిలో గ్లూటెన్ లేదు, వల అల్లుకోదు. 350 గ్రాముల్లో 50 చోడి, 300 మైదా అయితే రొట్టె బాగా లేస్తుంది. 70 దాటితే ఇటుకవుతుంది. ముందు మైదాని ఒక్కదాన్నే గంజితో తిప్పి, విరామం తర్వాత చోడి పిండి వేసి ఆ చివరి నలభై సెకన్లలో కలపండి. అప్పటికే వల అల్లుకుని ఉంటుంది కాబట్టి చోడి దాన్ని అడ్డుకోదు. అది నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, ఇంకో 15 గ్రాముల గంజి చేతిలో ఉంచుకోండి.

పాత బేకరీ · ఏప్రిల్ 26, మధ్యాహ్నం 12:05

చోడిని ముందు పొడి పెనం మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చి వెయ్యండి. వేడిగా వేస్తే మళ్లీ మొదటి కథే.

నాగావళి గట్టు · ఏప్రిల్ 26, రాత్రి 8:30

చోడి వేయించి డబ్బాకెత్తాను. మైదా ఫ్రిజ్‌లో, గంజి ఫ్రిజ్‌లో. రేపు పొద్దున్నే ఆరింటికి, ఎండ ఎక్కకముందే తిప్పుతాను.